కొనబోయే ఇంటికి నాడి చూడండి
గోడల్లో దాగిన చెమ్మను ముందే పసిగట్టడం ఎలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేటి పట్టణాలలో ఎందరో మధ్యతరగతి కుటుంబీకులు ఇల్లు కట్టడం లేదు. ఎవరో కట్టిన ఇంటిని కొంటున్నారు. కట్టించుకొనేవానికి పునాది మొదలు పిట్టగోడ వరకు ప్రతి ఇటుకా కళ్ళెదుట లేస్తుంది. కొనేవానికి కనబడేది పైపూత మాత్రమే. జీవితకాలపు పొదుపును, ఇరవై ఏళ్ళ బ్యాంకు అప్పును ఆ పైపూతను నమ్మి ధారపోయడం జరుగుతున్నది.

లింకు డాక్యుమెంట్లు చూపించుకొంటాము, ఈ.సి. తీయిస్తాము, వాస్తు పండితుణ్ణి వెంటబెట్టుకొని వెళ్తాము. ఇవన్నీ చేయవలసినవే. కాని ఆ ఇంటి గోడలను పరీక్షించడానికి మనం కేటాయించే సమయం అరగంటకు మించదు. గృహప్రవేశమైన మొదటి వర్షకాలంలో పడకగది మూలన నల్లని మచ్చ కనబడుతుంది. బీరువాలోని పట్టుచీరలు ముక్కిపోయిన వాసన వేస్తాయి. పసివానికి పట్టిన జలుబు విడువదు. ముసలివారికి రాత్రివేళ ఆయాసం మొదలవుతుంది. అప్పుడు కషాయాలు, లేహ్యాలు, మాత్రలు వరుసగా ఇంటికి వస్తాయి. వ్యాధి మూలం మాత్రం గోడలోనే ఉండిపోతుంది.

అక్లేది: చరకుడు చెప్పిన ఒక్క మాట

క్లేదం అంటే తడి, చెమ్మ. వర్షర్తుచర్యను వివరిస్తూ చరకుడు ఆ కాలంలో మనిషి నివసించవలసిన స్థానానికి చెప్పిన లక్షణం అక్లేది, అనగా చెమ్మ లేనిది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఇదే విషయాన్ని మరికొంత విడమరచి, వర్షకాలంలో నేల నుండి లేచే ఆవిరి, చలి, తుంపరలు సోకని మేడపై భాగంలో వసించమని ఉపదేశించాడు. నేల ఆవిరిని మన ప్రాచీనులు ఎంతగా గమనించారో దీనిని బట్టి గ్రహించవచ్చు.

దేశభేదాలను చెప్పే సందర్భంలోనూ ఆయుర్వేదం జాంగలం, ఆనూపం, సాధారణం అని భూమిని మూడు విధాలుగా విభజించింది. నీటిపట్టు, చిత్తడి గల ఆనూపదేశంలో కఫవాతాలు ప్రబలుతాయని చెప్పింది. చెమ్మ పట్టిన ఇల్లు ఎండిన ఊరి నడిబొడ్డున ఉన్నా అది ఒక చిన్న ఆనూపదేశమే. తమకశ్వాస, అనగా నేడు మనం ఉబ్బసమని పిలిచే వ్యాధి, మబ్బు పట్టిన వేళ, నీటి వలన, చలి వలన, తూర్పుగాలి వలన, కఫాన్ని పెంచే పదార్థాల వలన అధికమవుతుందని చరకసంహిత చికిత్సాస్థానం చెబుతున్నది. ఉబ్బసపు రోగి ఉన్న ప్రతి ఇంటిలోనూ ఇది అనుభవమే.

ఆధునిక వైద్యశాస్త్రం కూడా ఈ దారిలోనే వచ్చింది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2004లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇండ్లలోని చెమ్మ గురించి ప్రత్యేకంగా నివేదికలు వెలువరించాయి. చెమ్మ, బూజు ఉన్న ఇండ్లలో నివసించేవారిలో దగ్గు, పిల్లికూతలు, ముక్కు గొంతు బాధలు, ఉబ్బసపు ఉద్రేకం ఎక్కువగా కనబడుతున్నాయని అవి పేర్కొన్నాయి. బూజు నుండి కంటికి కనబడని బీజరేణువులు గాలిలోకి లేస్తాయి. పరుపులలో ఉండే సూక్ష్మమైన ధూళిపురుగులు కూడా తేమలోనే వృద్ధి చెందుతాయి. ఇవి సరిపడని శరీరతత్త్వం గలవారిని పదేపదే బాధిస్తాయి.

చికిత్సలన్నింటి సారం నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని తొలగించడం, అని సుశ్రుతుడు చెప్పాడు. ఇంటి విషయంలో కారణాన్ని తొలగించడానికి అన్నింటికంటె సులభమైన సమయం ఒక్కటే: ఆ ఇల్లు మనది కాకముందు.

చెమ్మ వచ్చే నాలుగు దారులు

మచ్చ కనబడగానే గోడ కారుతున్నది అనుకోవడం చాలదు. ఏ దారిన వచ్చినదో తెలియనిదే చికిత్స లేదు.

మొదటిది నేల నుండి ఎక్కే చెమ్మ. దీపపు వత్తి ప్రమిదలోని నూనెను పైకి లాగినట్లు ఇటుక, సున్నం, సిమెంటు నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీనిని ఆపడానికి పునాదికి పైన, గోడ మొదలయ్యే చోట, నీరు ఎక్కని పొరను వేయాలి. మేస్త్రీలు దానినే డి.పి.సి. అంటారు. పాత ఇండ్లలో అది లేకపోవచ్చు, కొత్త ఇండ్లలో ఖర్చు తగ్గించడానికి సరిగా వేయకపోవచ్చు. పొర బాగున్నా వీధిలో రోడ్డుపై రోడ్డు వేయగా ఇల్లు పల్లంలో పడి, మట్టి ఆ పొరను దాటి గోడకు ఆనుకొంటే ఫలం లేదు. ఈ చెమ్మ సాధారణంగా నేల నుండి సుమారు మూడడుగుల ఎత్తు వరకు పట్టీవలె కనబడుతుంది. నీటితో పాటు నేలలోని లవణాలు కూడా ఎక్కి, నీరు ఆరినచోట తెల్లని పొడిగా తేలుతాయి.

రెండవది పైనుండి, పక్కనుండి దిగే వాననీరు. డాబా పగుళ్ళు, పిట్టగోడ స్లాబుతో కలిసే మూల, కిటికీ చట్రాల సందులు, వానజల్లు నేరుగా కొట్టే గోడలు దీనికి దారులు. నీరు ఒకచోట దిగి, స్లాబులోపల ప్రయాణించి, మరొకచోట మచ్చగా తేలుతుంది. కనుక మచ్చకు సరిగ్గా పైన మాత్రమే కారణాన్ని వెదకడం పొరపాటు.

మూడవది గొట్టాల నుండి వచ్చేది. స్నానాలగది, వంటగది, పైఅంతస్తువారి మురుగు గొట్టాలు ఇందుకు మూలం. దీనికి వానతో పని లేదు. నడివేసవిలోనూ మచ్చ తడిగానే ఉంటుంది.

నాలుగవది గాలిలోని తేమ. స్నానపు ఆవిరి, వంట ఆవిరి బయటకు పోయే దారి లేక చల్లని గోడపై నీరుగా మారుతుంది. తీరప్రాంతాలలో ఏ.సి. గదికి అవతలివైపు గోడ చల్లబడి, పక్కగదిలోని తేమగాలికి అక్కడ చెమ్మ పట్టడం కూడా ఉన్నది. గదుల మూలలలో, బీరువా వెనుక, గాలి ఆడని చోట నల్లని చుక్కలుగా ఇది కనబడుతుంది.

ఏ సమయంలో చూడవలెను?

ఇల్లు చూడడానికి మనవారు ఎండాకాలం సెలవులను ఎన్నుకొంటారు. అమ్మేవారికీ అదే అనుకూలం. చైత్ర వైశాఖాలలో తడిసిన గోడ సైతం ఎండిన గోడవలె కనబడుతుంది. చెమ్మను చూడగోరేవారు తెలంగాణలోను, ఉత్తర కోస్తాలోను శ్రావణ భాద్రపదాలలో, ఈశాన్య రుతుపవనాల వాన పడే నెల్లూరు ప్రాంతంలో ఆశ్వయుజ కార్తీకాలలో చూడడం ఉత్తమం. పెద్దవాన కురిసిన మరునాటి ఉదయం దీనికి శ్రేష్ఠమైన ముహూర్తం.

వేసవిలోనే కొనక తప్పని పరిస్థితి అయితే కనీసం రెండుసార్లు, వేర్వేరు వేళలలో చూడవలెను. ఒకసారి పట్టపగలు, మరొకసారి ఇల్లు రాత్రంతా మూసి ఉంచిన తరువాత తెల్లవారుజామున. ఈ రెండవ చూపులో బయటపడే రహస్యాలు ఎక్కువ.

దర్శన, స్పర్శన, ప్రశ్న పరీక్షలు

వైద్యుడు రోగిని చూచి, తాకి, ప్రశ్నించి పరీక్షించాలని వాగ్భటుడు చెప్పాడు. పంచేంద్రియాలతోను, ప్రశ్నలతోను పరీక్షించాలని సుశ్రుతుడు చెప్పాడు. ఇంటికీ ఈ పద్ధతి చక్కగా వర్తిస్తుంది. అన్నింటికంటె ముందు ఉపయోగపడేది ముక్కు.

*ఘ్రాణం:* మీరు వచ్చేవరకు కిటికీలు తెరవవద్దని ఇంటివారిని ముందుగానే కోరండి. తలుపు తీయగానే పీల్చే మొదటి శ్వాస విలువైనది. ముక్కిన బియ్యం వంటి వాసన, తడిమట్టి వాసన, పాతబట్టల మూట వాసన వచ్చినదంటే ఎక్కడో చెమ్మ ఉన్నట్లే. కొద్ది నిమిషాలలో ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది కనుక ఆలస్యం చేయరాదు. గోడలోని బీరువాలు, అటకలు, వంటగది సింకు క్రింది అర తెరచి లోపలి గాలిని విడిగా పీల్చి చూడండి. అగరువత్తుల పొగ, సువాసన ద్రవ్యాల పిచికారీ, అప్పుడే వేసిన రంగు వాసన ఇంటినిండా గుబాళిస్తుంటే మరికొన్ని దినాల తరువాత మళ్ళీ రావలెను.

*దర్శనం:* ఒక మంచి టార్చిలైటు వెంట తీసుకొనిపోండి. కాంతిని గోడకు ఎదురుగా కాక, గోడను రాచుకొంటూ పోయేటట్లు ఏటవాలుగా ప్రసరింపజేయండి. పగటివెలుతురులో నున్నగా కనబడిన గోడపై ఉబ్బులు, పొక్కులు, పెచ్చులు, అతుకులు నీడలు వేసి స్పష్టంగా కనబడతాయి. ముఖ్యంగా గమనించవలసినవి ఇవి:

1. గోడ అడుగుభాగాన తెల్లని పొడి. అది లవణమో బూజో తెలియకపోతే ఒక నీటిచుక్క వేయండి. లవణమైతే కరిగిపోతుంది.
2. స్లాబు అడుగున గోధుమరంగు అంచు గల వలయాలు. వలయంలో వలయం ఉంటే నీరు అనేకసార్లు దిగి ఆరినదని అర్థం.
3. ద్వారబంధాల పాదాలు. కొయ్య మెత్తబడినా, కొత్త ముక్క అతికినా, చెదల మట్టిదారులు ఉన్నా అనుమానించాలి. చెదలు తడి ఉన్నచోటికే మొగ్గుతాయి.
4. స్విచ్‌బోర్డు మరలకు పట్టిన తుప్పు. గోడకు రంగు వేసినవారు మరలను మార్చడం మరచిపోతారు.
5. వెలుపలి గోడపై నాచు, సందులలో రావి, మర్రి మొలకలు. మొక్క బ్రతికిన చోట నీరు నిలిచి ఉన్నదన్నమాట.
6. స్లాబు అడుగు పెచ్చులు ఊడి కనబడే ఇనుపచువ్వలు. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి కాంక్రీటును పగులగొడుతుంది. ఇది చెమ్మను దాటి కట్టడపు బలానికి సంబంధించిన ప్రమాదం.

ఇల్లంతా పాతరంగుతో ఉండి ఒక్క గోడ మాత్రం కొత్తరంగుతో మెరుస్తుంటే ఆ గోడ వద్దనే ఎక్కువసేపు నిలవండి. గోడ అడుగున మూడడుగుల వరకు మాత్రమే టైల్సు గాని, ప్లాస్టిక్ పలకలు గాని అతికించిన గదులు, ఒక్క గదిలో మాత్రమే అమర్చిన ఫాల్స్ సీలింగు కూడా ఇటువంటివే. అలంకారం కోసం చేసినవీ ఉండవచ్చు. అయినా వెనుక ఏమున్నదో చూపమని అడగడంలో తప్పు లేదు.

*స్పర్శనం:* అరచేతికంటె చేతి వెనుకభాగం చల్లదనాన్ని బాగా పసిగడుతుంది. ఒకే గదిలోని లోపలి గోడను, బయటి గోడను తాకి పోల్చండి. బొటనవ్రేలితో నొక్కితే పూత మెత్తగా దిగబడరాదు. రూపాయి నాణెంతో మెల్లగా తట్టండి. గట్టి గోడ గట్టిగా పలుకుతుంది. లోపల పూత విడిపోయిన చోట డొల్లశబ్దం వస్తుంది.

ఖర్చు లేని మూడు పరీక్షలు

ఇల్లు నచ్చి, బయానా ఇచ్చే ముందు యజమాని అనుమతితో ఈ పరీక్షలు చేయవచ్చు.

ప్లాస్టిక్ కాగితపు పరీక్ష: అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు గల పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని అనుమానమున్న నేలపై పరచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. పదహారు గంటలకు తక్కువ కాకుండా ఉంచండి. విప్పినప్పుడు కాగితం లోపలివైపున నీటిబిందువులు ఉంటే, లేక క్రింది నేల నల్లబడి ఉంటే, చెమ్మ నేలలోనిది. కాగితం పైవైపున ఉంటే గాలిలోనిది. గోడకైతే వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఇదే విధంగా అంటించి చూడవచ్చు.

ట్యాంకు పరీక్ష: రాత్రి పడుకొనే ముందు కుళాయిలన్నీ కట్టి, మోటారు ఆపి, పైట్యాంకులో నీటిమట్టాన్ని సుద్దతో గుర్తుపెట్టండి. ఎవరూ నీరు వాడకుండానే తెల్లవారేసరికి మట్టం తగ్గితే ఎక్కడో గొట్టం కారుతున్నది. సొంతట్యాంకు గల విడి ఇండ్లకు ఇది బాగా ఉపకరిస్తుంది.

స్నానాలగది పరీక్ష: నీరుపోయే రంధ్రాన్ని గుడ్డతో బిగించి, నేలపై ఒక అంగుళం నీరు నిలిపి ఒక దినం ఉంచండి. క్రింది అంతస్తు కప్పును, గది గోడల అవతలిభాగాన్ని మరునాడు చూడండి. క్రింది వారికి ముందుగా చెప్పి చేయడం మర్యాద.

చెమ్మను కొలిచే చిన్న యంత్రాలు కూడా బజారులో లభిస్తున్నాయి. గోడలో లవణాలున్నచోట అవి ఉన్నదానికంటె ఎక్కువ చూపుతాయి. కనుక ఒక్క అంకెను నమ్మక, పొడిగా ఉన్న లోపలి గోడతో పోల్చి చూడడమే సరైన పద్ధతి.

అంతస్తును బట్టి జాగ్రత్త

క్రింది అంతస్తు కొనేవారు నేలచెమ్మను, మురుగుకాలువను, సంపు ఎంత దూరంలో ఉన్నదో గమనించాలి. సంపు గాని, సెప్టిక్ ట్యాంకు గాని పడకగది గోడను ఆనుకొని ఉండరాదు. మధ్య అంతస్తు కొనేవారు పైఇంటి స్నానాలగది తమ ఇంటిలో ఏ గదిపైన ఉన్నదో తెలుసుకోవాలి. మీ గోడ మరమ్మతు పైవారి అనుమతిపై ఆధారపడి ఉంటుంది కనుక వారితో ఒకసారి మాట్లాడి రావడం మంచిది.

పైఅంతస్తు కొనేవారు తప్పక డాబా ఎక్కాలి. నీరు వానగొట్టం వైపు పారేటట్లు కనీసం వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉండాలి. ఒక బకెట్టు నీరు కుమ్మరించి ఎటు పారుతున్నదో చూస్తే చాలు. ఎండిన మడుగుల మట్టిమరకలు, తారుతో పూసిన అతుకులు, పిట్టగోడ అడుగున పగుళ్ళు ఉంటే కారణం అడగండి.

ఇల్లు ఏ నేలపై నిలిచినదో కూడా తెలుసుకోవలసిందే. 2020 అక్టోబరులో హైదరాబాదులోని అనేక కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని లోతట్టు ప్రాంతాలు నీటమునిగాయి. నీరు దినాలలో తీసిపోయినా తొమ్మిదంగుళాల గోడ లోపలినుండి ఆరడానికి నెలలు పడుతుంది. ఆరకముందే లప్పం పెట్టి రంగువేసిన గోడలో ఆ నీరు బందీగా ఉండిపోతుంది. ప్రహరీగోడపై సమంగా సాగిన మట్టిచార, వీధిలో అందరి కరెంటు మీటర్లు ఎత్తుకు మార్చి ఉండడం, ఇరుగుపొరుగుల మాటలు గతాన్ని చెబుతాయి. చెరువు శిఖం భూమిలో గాని, పూర్తి నీటిమట్టం పరిధిలో గాని ఉన్న ఇంటికి చెమ్మతో పాటు చట్టపు చిక్కు కూడా తోడవుతుంది.

ప్రశ్నించండి, జవాబును కాగితంపై తీసుకోండి

ఈ ఇంటికి చివరిసారి రంగు ఎప్పుడు వేశారు? డాబాకు నీరు దిగకుండా పూత ఎప్పుడు వేశారు? ఏ గదిలోనైనా ఎప్పుడైనా నీరు కారినదా? ఎవరు బాగుచేశారు? ఈ నాలుగు ప్రశ్నలు యజమానిని అడగండి. అవే ప్రశ్నలను పక్కింటివారిని, వాచ్‌మన్‌ను, వీలైతే అద్దెకున్నవారిని కూడా అడగండి. జవాబులలోని తేడాయే మీకు కావలసిన సమాచారం.

చట్టం కూడా కొనేవారికి కొంత అండగా ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసి ఉండి, కొనేవాడు సాధారణమైన జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అనగా రెరా, 14వ సెక్షను ప్రకారం ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుండి ఐదేళ్ళలోపు కట్టడంలో గాని, పనితనంలో గాని లోపాన్ని దృష్టికి తెస్తే, నిర్మాత ముప్ఫై దినాలలో అదనపు రుసుము లేకుండా సరిచేయాలి. కొత్త ఫ్లాటు కొనేవారు ఆ నిర్మాణం రెరాలో నమోదైనదో లేదో చూచుకోవాలి. చెమ్మ కనబడిన నాడే ఫొటోలు తీసి, వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

సాధ్యమా? అసాధ్యమా?

చెమ్మ కనబడిన ప్రతి ఇంటినీ వదలిపెట్టనక్కరలేదు. వ్యాధులను సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అని మన శాస్త్రం విభజించినట్లే చెమ్మను కూడా విభజించి నిర్ణయించుకోవచ్చు.

కారే కుళాయి, చెత్త పట్టిన వానగొట్టం, వెంటిలేటరు లేని స్నానాలగది సుఖసాధ్యాలు. ఇవి తక్కువ ఖర్చుతో నయమవుతాయి. డాబాకు తిరిగి పూత వేయడం, స్నానాలగది నేల తవ్వి మళ్ళీ వేయడం కృచ్ఛ్రసాధ్యాలు. మంచి మేస్త్రీతోనో, సివిల్ ఇంజనీరుతోనో ఖర్చు అంచనా వేయించి, ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడగవచ్చు; లేదా రిజిస్ట్రేషనుకు ముందే యజమాని చేత చేయించి, ఒక వాన చూచిన తరువాత ముందుకు పోవచ్చు.

డి.పి.సి. లేని పాత ఇంటి నేలచెమ్మ యాప్యం, అనగా పథ్యంతో అదుపులో ఉంచదగినది. గోడచుట్టూ మట్టిని తగ్గించి, నీరు దూరంగా పారేటట్లు చేసి, గాలి ఆడే సున్నపుపూత వాడితే చాలవరకు అణగి ఉంటుంది. ఇటువంటి గోడకు గట్టి సిమెంటుపూత గాని, నీరు చొరని రంగు గాని వేస్తే ఆరే దారి మూసుకొని చెమ్మ మరింత పైకి ఎక్కుతుంది. ఏటా నీరు నిలిచే పల్లం, చువ్వలు తుప్పుపట్టి పలుచోట్ల పెచ్చులూడుతున్న స్లాబు, మరమ్మతుకు పైఇంటివారు ససేమిరా అనే ఫ్లాటు అసాధ్యాలు. ధర ఎంత తగ్గించినా వీటికి నమస్కరించి వెనుదిరగడమే వివేకం. ఇంట్లో ఉబ్బసపు రోగి, పసిబిడ్డ, వృద్ధులు ఉన్నవారు యాప్యమైన ఇంటిని సైతం ఒకటికి రెండుసార్లు ఆలోచించి తీసుకోవాలి.

ధూపం వేస్తే పోదా?

వేపాకు, గుగ్గిలం, సాంబ్రాణి ధూపం మన ఇండ్లలో ఆచారం. దుర్వాసన కొంత అణగవచ్చు, దోమలు తగ్గవచ్చు. కాని గోడలోని నీటిని ఏ పొగా ఆర్పలేదు. పైగా ఉబ్బసం గలవారికి పొగే పగ. బీరువాలో కర్పూరం పురుగును దూరంగా ఉంచుతుందేమో గాని బూజును ఆపదు. చెమ్మకు ఇంటివైద్యం మూడే: నీటిదారిని మూయడం, గాలిని ఆడనివ్వడం, ఎండను రానివ్వడం. బీరువాను గోడకు జానెడు దూరంగా జరపడం, వర్షకాలంలో తడిబట్టలు పడకగదిలో ఆరవేయకపోవడం, స్నానానంతరం కిటికీ తెరచి ఉంచడం ఏ ఇంటిలోనైనా పాటించదగినవే.

ఇప్పటికే చెమ్మ ఉన్న ఇంటిలో నివసిస్తూ, ఊరికి వెళ్ళినప్పుడు తగ్గిన దగ్గు ఇంటికి రాగానే తిరగబెడుతుంటే ఆ విషయం వైద్యునికి తప్పక చెప్పండి. ఉబ్బసానికి వాడుతున్న మందులను, ఇన్‌హేలరును స్వంతంగా మానివేయరాదు.

కొనబోయే ఇంటికి ఈసారి వెళ్ళినప్పుడు ఒక టార్చిలైటు, ఒక రూపాయి నాణెం, ఒక ప్లాస్టిక్ కాగితం, టేపు సంచిలో వేసుకోండి. వాస్తు పండితునితో పాటు అనుభవం గల తాపీమేస్త్రీని కూడా వెంటబెట్టుకొని వెళ్ళండి. ఆయన కూలి ఒక్క పూటది. మీరు తీర్చవలసిన అప్పు ఇరవై ఏళ్ళది.